సిగ్నల్ లేనివాళ్ల కుర్చీ

ఎగువగెడ్డవలసలో బియ్యం కావాలంటే బొటనవేలు కొండెక్కాలి.

మనిషి ఎక్కాలని ఎవరూ అనలేదు. రేషను మిషనుకు మనిషితో పని లేదు, వేలు చాలు. అయితే వేలు ఒక్కటే నడిచి వెళ్లే ఏర్పాటు ఇంకా రాలేదు గనక దాని వెనకాల మనిషి కూడా ఎక్కవలసి వస్తోంది. డీలరు సన్యాసిరావు దగ్గరున్న మిషను మీద వేలు పెడితే, అది పైనెక్కడో ఉన్న పెద్ద మిషనును అడిగి, ఈ ముసలమ్మ ఈ ముసలమ్మేనని తేల్చుకుని, అప్పుడు బియ్యానికి చీటీ కక్కుతుంది. అలా అడగడానికి సిగ్నల్ ఉండాలి. ఊళ్లో లేదు. ఊరి వెనక కొండ మీద ఏనుగురాయి అనే బండ ఉంది. దాని తూర్పు అంచున నిలబడితే, గాలి బాగున్న పూట, ఒక్క గీత సిగ్నల్ వస్తుంది. అందుకని నెలనెలా సన్యాసిరావు మిషను పట్టుకుని ముందు నడుస్తాడు. ఊరు వేళ్లు పట్టుకుని వెనక నడుస్తుంది.

గొర్లె పారమ్మకు తన వేలితో చిక్కు లేదు. చిక్కంతా అత్త సూరమ్మ వేలితో. సూరమ్మది వేరే కార్డు, ఒంటరి ముసలివాళ్లకిచ్చే కార్డు. ఆమె వేలు పడితేనే ఆమె బియ్యం. ఆమెకు మోకాళ్లు పట్టేసి చాలాకాలమైంది. అందుకని కర్రకు దుప్పటి కట్టి, డోలీ చేసి, ఇద్దరు మగవాళ్లు మోసుకెళ్లేవారు. పారమ్మ పక్కన నీళ్లచెంబుతో నడిచేది. సూరమ్మ దారంతా తిడుతూ ఊరేగేది.

"సచ్చినాక మోస్తారనుకుంటే బతికుండగానే మోసేస్తన్నారు. ఇదేటి ముచ్చటో!"

"ఊరుకో అత్తా. నువ్వు మాటాడితే బరువెక్కువవుతాది."

"బరువు నాదా, మీ గవర్మెంటు మిషనుదా?"

వానాకాలంలో ఒకసారి మోసేవాడి కాలు జారింది. డోలీ పక్కకు ఒరిగి సూరమ్మ రాళ్ల మీద పడింది. చెయ్యి వాచింది. మణికట్టుకు ఆకుపసరు కట్టు కట్టి, అదే చేతి బొటనవేలును మిషను మీద పెట్టించి, మళ్లీ దింపారు. ఆ రోజు సూరమ్మ తిట్టలేదు. కొండ దిగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం పారమ్మకు తిట్లకంటే ఎక్కువ తగిలింది. అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టు: ఊళ్లో టవరు పడాలి. మండలాఫీసుకు వెళ్లింది, డివిజనాఫీసుకు వెళ్లింది. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి, టవరు పరిశీలనలో ఉందని చెప్పారు. ఎవరు పరిశీలిస్తున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

అలాంటి రోజుల్లో ఊరికి జీపు వచ్చింది. ఊరికంటే, గెడ్డ దాకా వచ్చింది. వాగు నీళ్లు దాటలేక అవతలే ఆగిపోతే, లోపలివాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చారు. ముందు వచ్చినాయన డాక్టర్ ప్రద్యుమ్నరావు. వైద్యం చేసే డాక్టరు కాదని, ఇద్దరు ముగ్గురు నాలుకలు చాపాక తెలిసింది. విశాఖపట్నంలో విశ్వజాల పౌరవేదిక అనే సంస్థ ఆయనది. వెనక వచ్చిన అమ్మాయి లహరి, ఆయన దగ్గర పని చేస్తుంది.

ఆయన బడి అరుగెక్కి నిలబడ్డాడు.

"సోదర సోదరీమణులారా! అంతర్జాలం ఎవరిది? ప్రభుత్వాలదా? బడా కంపెనీలదా? సాంకేతిక నిపుణులదా? కానే కాదు! మనందరిదీ! దాని పరిపాలన ప్రజాస్వామికం కావాలి. ఆ మహాయజ్ఞంలో పౌర సమాజం పాత్ర అత్యంత కీలకం!"

"బాబూ, అదింకా మా ఊరే రాలేదు. మాదెలాగవుద్ది?" అంది పారమ్మ.

ప్రద్యుమ్నరావు ముఖం చాటంత అయింది. "లహరీ! రాసుకో, రాసుకో!"

ఆయన సంతోషానికి కారణం ఉంది. ప్రపంచ అంతర్జాల పరిపాలనా మహాసంఘం అని ఒకటి ఉంది. ఏడాదికోసారి ఏదో ఒక చల్లటి దేశంలో కూడుతుంది. అందులో ప్రభుత్వాలకు కుర్చీలున్నాయి, కంపెనీలకు ఉన్నాయి, నిపుణులకు ఉన్నాయి. మరి జనానికేవీ అని పౌర సమాజం వాళ్లు ఏళ్ల తరబడి పోట్లాడి కొన్ని కుర్చీలు సంపాదించారు. న్యాయమైన పోట్లాటే. అందులోనూ సిగ్నల్ అసలే లేనివాళ్ల గోడు ఎవరు చెప్తారని ఇంకా పోట్లాడి, ముందు వరసలో వాళ్లకంటూ ఒక కుర్చీ వేయించారు. దానికి 'అసంధానిత వర్గ ప్రతినిధి పీఠం' అని పేరు పెట్టారు. పేరు పెట్టాక అందులో ప్రద్యుమ్నరావు కూర్చున్నాడు.

చాలా ఏళ్లు కూర్చున్నాడు. సిగ్నల్ లేనివాళ్ల బాధ ఆయన చెబుతుంటే దేశదేశాలవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు. కిందటేడు మాత్రం, సరిగ్గా కళ్లు ఒత్తుకునే ఘట్టంలో, ఆయన జేబులో ఫోను మోగింది. దాన్ని ఆపబోతుంటే రెండో జేబులోది మోగింది. ఎవరో లేచి అభ్యంతరం చెప్పారు. అక్కడికక్కడే నిబంధన పుట్టింది: ఈ పీఠం మీద కూర్చునే వ్యక్తి స్వయంగా అసంధానితులై ఉండవలెను, వారి నివాస ప్రాంతము కూడా అసంధానితమై ఉండవలెను. అంటే ప్రద్యుమ్నరావు లేచి, సిగ్నల్ లేని మనిషినొకరిని వెతికి తెచ్చి కూర్చోబెట్టి, తను వాళ్ల వెనక కూర్చోవాలి.

"మీలో ఫోను ఎవరెవరికి ఉంది?" అని అడిగాడు.

కుర్రకారంతా చేతులెత్తారు. సిగ్నల్ లేకపోయినా పాటలకూ టార్చిలైటుకూ అందరికీ ఉన్నాయి. ఎత్తనివాళ్లలో నోరున్న మనిషి పారమ్మ ఒక్కతే.

"మీకు ప్రభుత్వ ఉద్యోగం గాని, పదవి గాని..."

"నేదు బాబూ."

"వ్యాపారం?"

"సంతలో సింతపండు అమ్ముతాను."

ప్రద్యుమ్నరావు నీరుగారిపోయాడు. "అయ్యో, అయితే మీరు వాణిజ్య వర్గం కిందికి వస్తారమ్మా!" కాసేపు ఆలోచించి, ఆశగా అడిగాడు. "లాభం వస్తుందా?"

"లాభమా?" అని పారమ్మ నవ్వింది. ఆమెను చూసి ఊరంతా నవ్వింది.

"లాభాపేక్ష లేని కార్యకలాపం అని రాయి లహరీ," అన్నాడాయన, గండం గట్టెక్కినవాడిలా.

"నాను వొస్తే టవరేస్తారా?" అంది పారమ్మ.

"మీ గొంతు ప్రపంచానికి వినిపిస్తామమ్మా!"

"గొంతుకేటి లోటు? ఇక్కడ కేకేస్తే ఆ కొండమీది మేకలు తిరిగి సూస్తాయి. టవరు సంగతి సెప్పండి."

"అడగవలసిన చోట అడగండి. అక్కడ ప్రపంచమంతా ఉంటుంది."

మండలంలో అడిగింది, డివిజనులో అడిగింది. ప్రపంచంలో అడగడం ఒక్కటే మిగిలింది. సరేనంది.

"దేశాలు తిరగడానికి పోతన్నావు గాని," అంది సూరమ్మ మంచం మీదినుంచి, "వొచ్చే నెల నా డోలీ పక్కన సెంబెవులు మోస్తారే?"

"నాను టవరు తెచ్చీసినాక డోలీ దేనికి అత్తా?"

"అలాగేలే. వొచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకుని రా."

ప్రయాణానికి ముందు పారమ్మను విశాఖపట్నంలో తన ఇంట్లోనే పెట్టుకుని తర్ఫీదు ఇచ్చాడు ప్రద్యుమ్నరావు. సాగరకిరణ్ కాలనీలో పెద్ద ఇల్లు. కాలనీ గేటు దగ్గర బట్ట మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి కట్టారు. పారమ్మకు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక్కొక్క అక్షరం కలుపుకుని చదివింది: మా కాలనీలో టవరు వద్దు.

"ఇదేటమ్మా?" అంది లహరితో.

"ఆ మేడమీద ఉంది చూశారా, దాన్ని తీసెయ్యమని వీళ్లు ఎన్నాళ్లనుంచో గొడవ చేస్తున్నారు. తలనొప్పులొస్తున్నాయట, పిచ్చుకలు పోతున్నాయట."

పారమ్మ మేడవంక చాలాసేపు చూసింది. కట్టుకున్న చీర వద్దని ఒకరు విసిరేస్తుంటే, చలికి వణికేవాళ్లు గెడ్డ అవతల నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. "మా గుర్రమెక్కడమ్మా అంటే, ఒద్దన్నోల్ల గుమ్మంలో గడ్డి మేస్తందన్నట్టుంది," అంది.

ఆ ఇంట్లో ఆమెను సంధానం తగలకుండా కాపాడటం పెద్ద పని అయింది. మహాసంఘంవారు ఒక స్వచ్ఛతా పరిశీలకుణ్ణి పంపారు. ఆయన మెడలో ఒక చిన్న యంత్రం వేలాడదీసుకుని గది గదికీ తిరిగాడు. హాల్లో వైఫై పెట్టె దగ్గర అది కీచుమంది. పెట్టెకు రెండు దుప్పట్లు చుట్టారు. అయినా కీచుమంది. చివరికి పారమ్మను పెరట్లో పనిముట్ల గదిలోకి మార్చారు. అక్కడ కీచుమనలేదు.

"ఇచ్చట ప్రతినిధి మహోదయ యొక్క అసంధానత నిష్కళంకముగా ఉన్నది," అని ధ్రువీకరించాడు పరిశీలకుడు.

"ఏటంటాడు?" అంది పారమ్మ.

"మీరు బాగున్నారంటున్నారు," అంది లహరి.

"పారల మజ్జిన పండితే బాగున్నట్టా?"

సభ జరిగే దేశంలో ఎండ కూడా చల్లగానే ఉంది. సభామందిరం మాత్రం వెచ్చగా, ఊరిలో సంత జరిగే మైదానమంత ఉంది. ముందు వరసలో పారమ్మ కుర్చీ. మెత్తటి చేతులున్న కుర్చీ, ముందు చిన్న దీపం. పచ్చగా వెలిగితే మాట్లాడాలి, ఎర్రగా మారితే ఆపాలి. వెనక కుర్చీలో ప్రద్యుమ్నరావు, ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లు కుర్చీ చేతుల మీదే ఉన్నాయి. తన గేదెను పొరుగువాడి దొడ్లో కట్టేసి చూసుకుంటున్న మనిషి చూపు అది. పారమ్మ ఆ చూపును గమనించి మనసులో పెట్టుకుంది.

అందరి చెవులకూ చిన్న యంత్రాలున్నాయి. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వినేవాళ్ల భాషలో వినిపిస్తాయి. పారమ్మ తనకూ ఒకటి తగిలించుకోబోతే పరిశీలకుడు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"అమ్మా! అది అంతర్జాలానికి అనుసంధానమై ఉన్నది! చెవికి తగిలిన క్షణమే మీ పీఠం రద్దగును!"

"మరి ఆల్లు మాటాడింది నాకెలాగ తెలుస్తాది?"

"మీరు వినుటకు రాలేదు తల్లీ. వినబడుటకు వచ్చినారు."

మధ్యలో గుసగుసలాడటం కూడా సభామర్యాదకు విరుద్ధమట. అందుచేత సిగ్నల్ లేనివాళ్ల గురించి ప్రపంచమంతా ఏం మాట్లాడిందో, ఆ సభలో ఒక్క సిగ్నల్ లేని మనిషికి తప్ప అందరికీ వినిపించింది.

పారమ్మ వంతు వచ్చింది. దీపం పచ్చగా వెలిగింది. ప్రద్యుమ్నరావు రాసిచ్చిన ప్రసంగం సంచిలోనే ఉండిపోయింది. ఆమె లేచి చెప్పింది.

"నాది ఎగువగెడ్డవలస. మా అత్త నడవలేదు. నెలనెలా ఆవిణ్ణి డోలీలో కొండెక్కించి ఏలు పెట్టిస్తాం. ఓపాలి పడిపోనాది. మాకు గొప్ప గొప్పవేవీ ఒద్దు. ఊల్లో టవరు కావాల. అడిగితే పరిసీలనలో ఉందంతన్నారు. ఎవులు పరిసీలిస్తన్నారో ఇక్కడెవులికైనా తెలిస్తే సెప్పండి. దణ్ణం."

కూర్చుంది. సభ లేచింది. అంతమంది ఒకేసారి లేచి చప్పట్లు కొడుతుంటే పారమ్మకు భయం వేసింది. అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మాటలు తర్వాత లహరి చెప్పింది. "ఈ గళం అమూల్యం. ఇది ఎన్నటికీ మూగబోకూడదు," అన్నారట. ఆయన ఎంత నిజంగా అన్నారో పారమ్మకు అప్పుడు తెలియదు.

చప్పట్లు ఇంకా ఆగలేదు, లహరి ఫోను వెలిగింది. ఏనుగురాయి మీదినుంచి సన్యాసిరావు పంపిన ఫోటో. గెడ్డ ఒడ్డున ట్రాక్టరు, దానినిండా ఇనుప దూలాలు. పారమ్మ పెట్టిన అర్జీల్లో ఏదో ఒకటి ఏ బల్ల మీదో దయతలచింది. టవరు సామాను వచ్చేసింది! లహరి సంతోషం పట్టలేక ఫోటో ప్రద్యుమ్నరావుకు చూపించింది. ఆయన ముఖం చావుకబురు విన్నట్టయింది. సంచి కింద పడేసి వేదిక దగ్గరకు పరుగెత్తాడు.

వేదిక మీద ఏదో హడావిడి. ప్రద్యుమ్నరావు ఏదో చెప్పాడు. అధ్యక్షులవారు ఏదో చదివారు. తర్వాత సభంతా తిరిగి పారమ్మవైపు చూసింది. అందరూ చిరునవ్వు నవ్వుతున్నారు. అంతమంది పెద్దలు నవ్వుతూ చూస్తుంటే బిగదీసుకుని కూర్చోవడం మర్యాద కాదు. ఊళ్లో పెళ్లిపెద్దలు ఇలా చూస్తే ఏం చేస్తుందో అదే చేసింది. తల ఊపింది.

మళ్లీ చప్పట్లు.

బయట టీ తాగుతుంటే లహరి ఏడుపు ముఖంతో వచ్చింది. విషయమేమిటంటే, ఊళ్లో టవరు పడితే పారమ్మ అసంధానితురాలు కాదు. ఆమె కాకపోతే పీఠం ఖాళీ అవుతుంది. పీఠం ఖాళీ అయితే అంతర్జాల పరిపాలనలో ప్రజాస్వామ్యానికి తీరని విఘాతం. అందుచేత ఎగువగెడ్డవలసను ప్రపంచ అసంధాన పరిరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ తీర్మానం చేశారు. మహాసంఘంలో ఓట్లుండవు. ఎవరూ కాదనకపోతే తీర్మానం నెగ్గినట్టే. కాదనే హక్కు అందరికంటే ముందు ఆ ఊరి ప్రతినిధిది.

"మీరు తల ఊపారమ్మా," అంది లహరి.

పారమ్మ చేతిలో టీ చల్లారిపోయింది. పెళ్లికని పిలిచి, తాళి కట్టే వేళకు ఇది నీ కూతురి పెళ్లేనని చెప్పినట్టుంది.

ఆమె ఊరు చేరేసరికి ప్రపంచం ఆమెకంటే ముందే చేరింది. ఇనుప దూలాలు గెడ్డ ఒడ్డునే పడి ఉన్నాయి. ఆడవాళ్లు వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. ఊరి మొదట్లో నీలం రంగు బోర్డు: ఇది పరిరక్షిత ప్రాంతము. ఇచ్చట సంధానము నిషిద్ధము. ఇంతటితో అయిపోతే పాతకష్టమే మిగిలేది. కాని స్వచ్ఛతా పరిశీలకుడు మెడలో యంత్రంతో ఊరంతా తిరిగి, కొండ కూడా ఎక్కాడు. ఏనుగురాయి తూర్పు అంచున యంత్రం కీచుమంది. అది అక్రమ సంధానమని తేల్చి, రాయి చుట్టూ ముళ్లకంచె వేయించి, కాపలా మనిషిని పెట్టాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఆ నెల సన్యాసిరావు మిషను పట్టుకుని కంచె దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఊరికి బియ్యం రాలేదు.

"బాగుందే కోడలా," అంది సూరమ్మ. "టవరు తెస్తానని పోయి, ఉన్న గీత పోగొట్టొచ్చినావు. నువ్వు దేశాల్లో ఏటి సెప్పినావు?"

"మనకు టవరు కావాలనే సెప్పినాను అత్తా."

"ఆల్లేటన్నారు?"

"సప్పట్లు కొట్టినారు."

"ఎద్దు పుండు కాకికి ముద్దు. పుండు మానిపోతే కాకి ఏటి తింటాదే?" అని, సూరమ్మ గంజిగ్లాసు పక్కకు నెట్టింది. "ఇది నువ్వు తాగు. నాకాకలి నేదు."

ఆకలి లేదనేది అబద్ధమని పారమ్మకు తెలుసు. మర్నాడు పొద్దున్నే చింతపండు బుట్ట పక్కన పెట్టి విశాఖపట్నం బస్సెక్కింది.

ప్రద్యుమ్నరావు ఆమెను ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. దారిలో వైఫై పెట్టెకు దుప్పటి కప్పడం మర్చిపోలేదు.

"నాకీ కుర్చీ ఒద్దు బాబూ. తీసీసుకోండి."

"అలా అనకూడదమ్మా! మీదొక చారిత్రక బాధ్యత. నిబంధనావళి ప్రకారం మీ రాజీనామా చెల్లదు కూడా. మీ వారసుణ్ణి అసంధానిత వర్గంవారు ఆన్‌లైన్ ఓటింగు ద్వారా ఎన్నుకోవాలి."

"సిగ్నల్ లేనోల్లు సిగ్నల్ మీద ఓటెయ్యాలా?"

"అందుకే ఇంతవరకూ ఎన్నిక జరగలేదు," అన్నాడు ప్రద్యుమ్నరావు గంభీరంగా. "ప్రక్రియ అంత పవిత్రమైనది."

"బాబూ, మీరు మా కోసం పోట్లాడి కుర్చీ ఏయించినారు. మంచిదే. నేనబద్ధమాడను, ఆ కుర్చీ ఉండాల. కాని అందులో కూకున్నోల్లకి ఇనిపించాల, అడిగింది జరగాల. ఇనిపించకుండా, జరక్కుండా కూకోబెడితే అది కుర్చీయేటి? దిష్టిబొమ్మకి కట్టిన కర్ర."

"అద్భుతం! ఈ మాట వచ్చే సభలో తప్పకుండా చెప్పండి!" అన్నాడాయన, కళ్లు చెమరుస్తుంటే.

పారమ్మకు అర్థమైంది. ఈయనకు ఏం చెప్పినా చప్పట్లే కొడతాడు. రాయి మీద వాన కురిస్తే రాయి తడుస్తుంది గాని మొలకెత్తదు. ఆమె కొంగు సర్దుకుని, మాట మార్చింది.

"ఓటింగు కాకండా ఇంకో దారి నేదేటి?"

"ఉందనుకోండి. ప్రస్తుత ప్రతినిధి తానే ఒకరిని ప్రతిపాదించవచ్చు. ఆ వ్యక్తీ, ఆయన నివాస ప్రాంతమూ అసంధానితమై ఉండాలి. అలాంటి ప్రాంతం ఇంకొకటి..."

"అయితే మీరే కూకోండి బాబూ."

ప్రద్యుమ్నరావు కుర్చీలో ముందుకు జరిగాడు.

"నాకక్కడ మాట తెలీదు, మర్యాద తెలీదు," అంది పారమ్మ. "మీరైతే ఎంత బాగా మాటాడతారు! ఎనకాల నా సంచి పట్టుకు కూకుంటే నాకే సిగ్గేసింది. ముందు వరస కుర్చీ, సేతులు మెత్తగా ఉంతాయి. ఆ పచ్చదీపం మీకోసం ఎలగాల్సింది. మద్దిన నేనేటి?"

ప్రద్యుమ్నరావు కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లలో పచ్చదీపం వెలుగుతున్నట్టు ముఖం మెరిసింది. అంతలోనే ఆరిపోయింది.

"కాని మా కాలనీలో టవరుంది కదమ్మా."

"మీవోల్లు ఒద్దంతన్నారు గదా. గుమ్మంలో గుడ్డ కట్టినారు."

దుప్పటి కింద వైఫై పెట్టె ఒక్కటే మిణుకుమంది.

తర్వాతి పనులన్నీ ఎంత వేగంగా జరిగాయంటే, ప్రభుత్వాలు కావాలనుకుంటే ఎంత వేగంగా పని చేయగలవో అందరికీ తెలిసింది. పారమ్మ ప్రద్యుమ్నరావును ప్రతిపాదించింది, ఆయన జేబుల్లోని రెండు ఫోన్లూ వదులుకున్నాడు. కాలనీ సంఘం సంబరంగా సంతకాలు పెట్టింది. మేడమీది టవరు దిగిన రోజున లడ్డూలు పంచుకున్నారు. పిచ్చుకలకు గింజలు చల్లారు. మహాసంఘంవారి నీలం బోర్డు ఎగువగెడ్డవలసనుంచి లేచి వచ్చి సాగరకిరణ్ కాలనీ గేటుకు ఎక్కింది. పక్క వీధుల్లోంచి దొంగగా వచ్చే సిగ్నల్‌ను స్వచ్ఛతా పరిశీలకుడు ఏవో డబ్బాలు పెట్టించి అడ్డుకున్నాడు. వారం తిరక్కుండా లడ్డూలు తిన్నవాళ్లకు అసలు విషయం తెలిసింది. కూరగాయలు పంపమంటే వినేవాడు లేడు. బండి పిలిస్తే రాదు. ఎదురింటివాళ్లతో మాట్లాడాలంటే ఎదురింటికే వెళ్లవలసి వస్తోంది. వాళ్లు టవరు మళ్లీ కావాలని అర్జీ పెట్టారు. అది పరిశీలనలో ఉంది.

ఎగువగెడ్డవలసకు రక్షణ పోయింది. ఇనుప దూలాల మీద ఆరేసిన బట్టలు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి నిలబెట్టారు. ఏనుగురాయి కంచెను మేకలదొడ్డికి వేసుకున్నారు. సన్యాసిరావు మిషను పట్టుకుని సూరమ్మ మంచం దగ్గరకే వచ్చాడు. ఆమె వేలును చీరకొంగుతో తుడుచుకుని, అనుమానంగా మిషను మీద పెట్టింది. మిషను పైవాళ్లను అడిగింది. ఈ ముసలమ్మ ఈ ముసలమ్మేనని వాళ్లు ఒప్పుకున్నారు. చీటీ వచ్చింది.

"ఇంతేనేటే?" అంది సూరమ్మ. "దీనికా నన్నిన్నేళ్లు ఊరేగించినారు?"

ఆమె కళ్లు తడిశాయి. పారమ్మ చూసీ చూడనట్టు బియ్యం డబ్బాలో పోసింది.

అప్పుడే పారమ్మ కొత్తగా కొనుక్కున్న ఫోను మోగింది. అవతల గాలి హోరు. ఆ హోరులోంచి ఆయాసపడుతూ ఒక గొంతు.

"పారమ్మగారూ! నేనమ్మా, ప్రద్యుమ్నరావుని! వాచ్‌మన్ ఫోనులోంచి మాట్లాడుతున్నాను. ఎవరితోనూ అనకండి. మా కాలనీ వెనక కొండెక్కితే ఒక్క గీత వస్తోంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. మహాసంఘం సభ ఎప్పుడో, ఎక్కడో నెట్‌లో పెట్టి ఉంటారు, కాస్త మీ ఫోనులో చూసి చెబుతారా? హలో! వినిపిస్తోందా? హలో!"

"ఇనిపిస్తంది బాబూ. కదలకండా తూర్పు అంచున నిలబడండి," అంది పారమ్మ.

లైను తెగిపోయింది.

"ఎవులే?" అంది సూరమ్మ మంచం మీదినుంచి.

"ప్రద్యుమ్నరావుగారు అత్తా. ఆల్ల ఊల్లో సిగ్నల్ లేదంట. కొండెక్కి మాటాడతన్నారు. మోకాళ్లు నొప్పులంట."

సూరమ్మ మూలకు చూసింది. కర్ర, దానికి చుట్టిన దుప్పటి, గోడకు ఆనించి ఉన్నాయి.

"పాపం," అంది. "మన డోలీ కాలీగానే ఉంది గదే. అంపించీ."